గడికి అరంగుళం కింద

మామగారి మీద కోడలికున్న ఫిర్యాదులన్నీ వరసగా రాస్తే ఈ పత్రికలో ఇంక వేరే శీర్షికలకి చోటుండదు. స్నానానికి వెళ్ళి బకెట్టు నిండి పొర్లుతున్నా కొళాయి కట్టరు. పొద్దున్నే పేపరు పట్టుకుని గంటసేపు కూర్చుంటారు. లేచాక ఏముందండీ అందులో అంటే, "ఏముంటుంది, నిన్నటిదే" అంటారు. వీటన్నిటికీ ఆవిడ ఎప్పుడో అలవాటు పడిపోయింది. కానీ ఇరవై మూడు రోజులుగా రోజూ మధ్యాహ్నం రెండింటికి ఒకటే సినిమా పెట్టుకుని చూస్తున్నారు చూడండి, దానికి మాత్రం అలవాటు పడటం ఆవిడ వల్ల కావడం లేదు.

పెళ్ళికొడుకు మూడుసార్లు మారిపోయే సినిమా అది. మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది. పదోసారికి పెళ్ళికూతురి మీద జాలేస్తుంది. ఇరవయ్యోసారికి పెళ్ళికి వచ్చిన వాళ్ళందరినీ పేరుపేరునా తిట్టాలనిపిస్తుంది. మొన్న కూరలమ్మాయి "ఇంకో కిలో తీసుకోండమ్మా" అంటే, కోడలు తనకే తెలియకుండా "నా కంఠంలో ప్రాణముండగా అది జరగదు" అనేసింది. అది రెండో పెళ్ళికొడుకు మేనమామ మాట. కూరలమ్మాయి రెండు రోజులు ఆ గుమ్మం తొక్కలేదు.

పైగా ఆ చూడటమైనా సవ్యంగా చూస్తారా అంటే, అదీ లేదు. టీవీకి రెండడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, మొహం మాత్రం పక్కనున్న గోడకేసి తిప్పుకుంటారు. సినిమా అటు, చూపు ఇటు. అలిగారని కోడలు అనుకుంది. అలగడానికి కారణం కూడా ఆవిడ దగ్గర సిద్ధంగానే ఉంది.

ఇవాళే చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం ఆ కారణం మరోసారి. మామగారికి రెండువందల ఎనభై ఆరు సినిమా డిస్కులున్నాయి. ముప్పై నాలుగేళ్ళు నీటిసరఫరా శాఖలో నక్షాలు గీసిన మనిషి, రిటైరయ్యాక దొరికిన తీరికంతా వాటి మీదే పెట్టారు. హాల్లో నాలుగు అరల బీరువా. పై అరలో నవ్వించేవి, రెండో అరలో ఏడిపించేవి, మూడో అరలో కొట్టుకునేవి, అడుగు అరలో ఎవరో బహుమతిగా ఇచ్చినవి. మూడు వారాల పైమాట, కోడలు ఒక పత్రికలో (ఏ పత్రికో చెప్పను) ఇల్లు ఇరుకు కాకుండా సర్దుకోవడం గురించి చదివింది. డిస్కులన్నీ డబ్బాల్లోంచి తీసి, లోపల ప్లాస్టిక్ పేజీలున్న రెండు జిప్పు సంచుల్లోకి దూర్చేసింది. ఖాళీ డబ్బాలు పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. బీరువాలోకి మిక్సీ, ఇస్త్రీపెట్టె, అటక మీది సూట్‌కేసు వచ్చి చేరాయి. మామగారు ఒక్క మాట అనలేదు. ఆరోజు ప్లేయర్లో ఏ డిస్కు ఉండిపోయిందో దాన్నే అప్పటినుంచీ చూస్తున్నారు.

పోయిన వారం మనం ఆగింది ఎక్కడంటే, ఆయన వేడి కాఫీ గ్లాసు మీద మూత పెట్టి, "అమ్మాయ్, ఈ మూతకి చిల్లెప్పుడు పడింది?" అని అడిగిన చోట. అది మూత కాదు. సంచిలోంచి జారి బల్ల మీద పడి ఉన్న డిస్కు.

కోడలు పెద్దగా నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే ఏదో అడ్డుపడింది. మర్నాడు పొద్దున్నే, ఆయన ఎంత మొరాయించినా వినకుండా, కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది.

అక్కడ తొమ్మిదో నంబరు దొరికింది. వరండాలో రెండు బెంచీలుంటే, డాక్టరు గది తలుపు పక్కన కూర్చుంటేనే తప్ప కూర్చోనని మామగారు పట్టుపట్టి, ఒకాయన్ని జరిపించి మరీ అక్కడ కూర్చున్నారు. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు ఎనిమిదిమంది లోపలికి వెళ్ళి అక్షరాల పట్టిక పైకి చదువుతుంటే, ఈయన కళ్ళు మూసుకుని తల కొంచెం ముందుకి వంచారు. నిద్రపోతున్నారనుకుని కోడలు ఆయన ఒళ్ళోంచి జారుతున్న గొడుగు తీసి పట్టుకుంది.

డాక్టరమ్మ చిన్నది, కోడలికంటే ఓ పదేళ్ళు చిన్నదై ఉంటుంది. మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, "తాతగారూ, ఎదురుగా కనిపిస్తున్నవి పైనుంచి చదవండి" అంది.

మామగారు గొంతు సవరించుకుని అందుకున్నారు. పెద్ద అక్షరం నుంచి అడుగున చీమల్లాంటి వరస వరకూ, ఆరు వరసలూ ఎక్కడా తడబడకుండా, కామా ఉన్నచోట ఆగుతున్నట్టు ఆగి మరీ చదివారు. కోడలికి గర్వం కలిగింది. అనవసరంగా ఒక పూట పాడుచేసుకున్నానని కూడా అనిపించింది.

"చాలా బాగా చదివారు తాతగారూ," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "నేనింకా లైటు వెయ్యలేదు."

 పట్టిక ఉన్న గాజు పెట్టె నల్లగా ఉంది. కోడలికి అందులో తన మొహమే కనిపించింది.

"ఎన్నాళ్ళుగా?" అంది డాక్టరమ్మ.

"ఏం ఎన్నాళ్ళుగా?"

"మధ్యలో కనపడకపోవడం."

ఆయన కోడలి వైపు కాకుండా తలుపు వైపు తిరిగారు. "ఏడాదిన్నర ఉంటుందేమోనమ్మా. డైరీ రాయలేదు."

అరగంట పరీక్షలయ్యాక డాక్టరమ్మ ఒక కాగితం మీద సున్నా చుట్టి, దాని నడుమ పెన్సిల్‌తో నల్లగా రుద్ది కోడలికి చూపించింది. చూపంతా పోలేదట. నడిమి చూపు పోయిందట, అంచులు బాగానే ఉన్నాయట. దేన్నైనా సూటిగా చూస్తే అక్కడ మచ్చ తప్ప ఇంకేమీ ఉండదు. పక్కకి తిరిగితే ఆ వస్తువు అంచులోకి వచ్చి కాస్త తెలుస్తుంది. నడుస్తారు, మెట్లు దిగుతారు, టీవీలో మనుషులు కదలడం చూస్తారు. అక్షరాలు చదవలేరు. మొహాలు పోల్చుకోలేరు.

"అద్దాలు మారిస్తేనండీ?"

"అద్దాలకి లొంగేది కాదు."

"ఆపరేషన్?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఉన్నది పోకుండా సూదులున్నాయి, నెలనెలా వెయ్యాలి. పోయింది మాత్రం రాదమ్మా. ఏడాది కిందట తీసుకొచ్చి ఉంటే..." అని ఆగింది. డాక్టర్లు ఇలాంటి వాక్యాలు సగమే చెప్తారు. మిగతా సగం మనం ఇంటికి మోసుకుపోవాలి.

"అయితే నా పక్కచూపులు బాగానే ఉన్నాయంటారు," అన్నారు మామగారు. "ఈ వయసులో అవి చూస్తే మా కోడలు ఊరుకోదండీ."

డాక్టరమ్మ నవ్వింది. కోడలికి నవ్వు రాలేదు. ఇరవై మూడు రోజులుగా ఆయన గోడకేసి తిప్పుకుని కూర్చున్న మొహం కళ్ళ ముందు మెదిలింది. ఆయన అలగలేదు. సినిమా చూస్తున్నారు.

బస్సులో ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, తర్వాత ఎందుకు కూర్చోబెట్టానా అని నాలిక కరుచుకుంది. ఆయన మాత్రం హాయిగా ఎదురు సీటు వీపుకేసి చూస్తూ, వీధిని కంటి కొసనుంచి గమనించుకుంటున్నారు.

"నాతో చెప్పొచ్చుగా మామయ్యగారూ."

"చెప్తే?"

"డిస్కు నేను తీసి పెట్టేదాన్నిగా."

"అదే మరి. నువ్వు తీసి పెడతావు. ఏది కావాలి మామయ్యగారూ అంటావు. ఏది కావాలో నాకేం తెలుసు? బీరువా ముందు నిలబడి, ఇది కాదు, ఇదీ కాదు అనుకుంటూ పోతే, చెయ్యి ఒకదాని దగ్గర ఆగుతుంది. అదీ నాక్కావలసింది. ఇప్పుడు పేరు చెప్పాలి. చెప్తే, పొయ్యి మీద ఏదో ఉంది, ఐదు నిమిషాలాగమంటావు. ఆగుతాను. నువ్వొచ్చి పెట్టేసరికి నాకు చూడాలనే ఉండదు. అయినా కష్టపడి పెట్టావు గదా అని చూడాలి. సినిమా చూడటానికి కూడా మొహమాటమేనా?"

"మరి ఇన్నాళ్ళూ ఎలా తీసుకునేవారు?"

"డబ్బాలుండేవిగా. ఒకదానికి మూల విరిగింది. ఒకదానికి రబ్బరు బ్యాండు. ఒకదాని అట్ట నీళ్ళలో పడి ఉబ్బింది. చెయ్యి వేస్తే అవే పేరు చెప్పేవి. ఇప్పుడన్నీ ఒకటే నునుపు. రెండువందల ఎనభై ఆరింటికీ ఒకటే మొహం. ప్లేయర్లో ఉన్నది బయటికి తీస్తే మళ్ళీ అది కూడా దొరకదేమోనని తియ్యలేదు."

కోడలు చేతిలో మందుల చీటీని నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. "నేను డబ్బాలు ఇచ్చేస్తుంటే ఒక్కమాట అడ్డం పడితే ఏం పోయేది?"

"ఎందుకూ అనేదానివి. ఎందుకో చెప్పాల్సొచ్చేది." ఆయన ఏదో గుర్తొచ్చినట్టు అన్నారు: "అయినా నేను ముందే రాసిచ్చానుగా."

"ఏం రాసిచ్చారు?"

"మావాడి సర్వే కాగితంలో. నాలుగు నెలలైందేమో. నువ్వే తెచ్చిచ్చావు. ప్రశ్నలు వాడు పైకి చదువుకుంటుంటే విని గుర్తుపెట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. కుదిరే పని కాదు కాబోలనుకుని నేనూ ఊరుకున్నాను."

బస్సు ఆగింది. వాళ్ళు దిగాల్సిన చోటే. కండక్టరు రెండుసార్లు కేకేసినా కోడలికి లేవాలని తోచలేదు. మామగారే ముందు కమ్మీ పట్టుకుని లేచి, "పద అమ్మాయ్, దింపుతాను" అన్నారు.

ఇక్కడ శాతం సంగతి చెప్పాలి. ఆవిడ భర్తని చుట్టాలందరూ శాతం అనే పిలుస్తారు. ఉప్పెక్కువైందా అంటే పన్నెండు శాతం ఎక్కువైందనే మనిషి. డిస్కులమ్మే వర్తకుల సంఘంలో పరిశోధన విభాగానికి అధికారి. విభాగమంటే అతనూ, ఒక కంప్యూటరూ.

ఈమధ్య ఒక కొత్త పెట్టె వచ్చింది. సినిమా డిస్కుని ఒక్కసారి దానికి తినిపిస్తే సినిమా అంతా తన కడుపులో దాచుకుంటుంది. ఇక డిస్కు వెతకక్కర్లేదు, మార్చక్కర్లేదు. రిమోట్ నొక్కుతూ పోతే సినిమాల పేర్లు ఒక్కొక్కటే పైకి చదివి వినిపిస్తుంది. కావలసిన పేరు దగ్గర ఇంకో బొత్తాం నొక్కితే బొమ్మ మొదలవుతుంది. డిస్కులకి కంటికి కనపడని తాళం ఒకటి ఉంటుంది కనక మామూలు యంత్రాలు ఆ పని చెయ్యలేవు. ఈ పెట్టెని ఇళ్ళకి అమ్మనివ్వాలా వద్దా అని తేల్చడానికి ఒక విచారణ సంఘం కూర్చుంది. అమ్మనివ్వకూడదని వర్తకుల పట్టుదల. ఇలాంటివి నలుగురు పిచ్చివాళ్ళకి తప్ప మామూలు జనానికి అక్కర్లేదని రుజువు చెయ్యమని శాతానికి అప్పగించారు. అతను ఆరువందల ఫారాలు పంచాడు.

అందులో పద్నాలుగోది అసలు ప్రశ్న, ఈ పెట్టె గురించి. 'తమ వద్దగల చలనచిత్ర డిస్కులను గృహ మాధ్యమ సర్వరునకు నకలు చేసుకొనుట యందు తమకుగల ఆసక్తి స్థాయిని దిగువ గడులలో సూచింపుడు.' చాలామంది దీన్ని సగం చదివి, ఊపిరి పీల్చుకుని, పదిహేనో ప్రశ్నకి వెళ్ళిపోయారు. కొందరు రెండేసి గడుల్లో టిక్కు పెట్టారు. ఒకావిడ పక్కన 'మావారినడగండి' అని రాసింది.

అలాంటివి రెండువందల పన్నెండు తేలాయి. శాతం వాటిని ఇంటికి తెచ్చి, "గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు మింగదు. నీ దస్తూరీ బాగుంటుందిగా, కొత్త ఫారాల మీద కాస్త శుభ్రంగా సరిచేసి పెట్టు" అన్నాడు. కోడలు డిగ్రీ చదువుకున్న మనిషి. చాలా రోజుల తరవాత దస్తూరీని ఒకరు మెచ్చుకున్నారు. భోజనాల బల్ల మీద మూడు మధ్యాహ్నాలు కూర్చుంది. జవాబు తేలని చోట ఏం పెట్టాలని ఆలోచించింది. ఆసక్తి ఉన్నవాళ్ళయితే రాసేవారు గదా అనుకుని, వరసగా 'ఆసక్తి లేదు' గడిలో టిక్కులు పెట్టేసింది. పాత ఫారాల వెనకవైపు తెల్లగా ఉంది. పారెయ్యడానికి చేతులు రాక, వాటిని క్లిప్పుకి తగిలించి వంటింటి మేకుకి వేలాడదీసింది. అప్పట్నుంచీ బజారు జాబితాలన్నీ వాటి వెనకే.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళి ఆ క్లిప్పు తీసింది. నాలుగు నెలల జాబితాలు చెత్తబుట్టలోకి పోగా తొంభై చిల్లర కాగితాలు మిగిలాయి. వెతకాల్సిన పని లేకపోయింది. నిన్నటి జాబితా అన్నిటికంటే పైన ఉంది. సబ్బులు మూడు, ఉప్పు, బల్బు, ఇస్త్రీకి పదకొండు, కంటి డాక్టరు పొద్దున్నే. దాన్ని తిప్పింది.

వయసు డెబ్భై రెండు. పదిహేను ప్రశ్నలకీ టిక్కులున్నాయి. ఒక్కటీ గడిలో లేదు. ప్రతి టిక్కూ గడికి సరిగ్గా అరంగుళం కింద, స్కేలు పెట్టి గీసినట్టు ఒకే వరసలో ఉంది.

ఇది తనకి బాగా గుర్తుంది. అప్పుడు చూసి నవ్వుకుంది కూడా. నక్షాలు గీసినన్నాళ్ళూ వెంట్రుకవాసి గీత తప్పని మనిషి గడి తప్పారంటే, కొడుకు సర్వేని వెక్కిరిస్తున్నారని అనుకుంది. ఆ ఇంట్లో వెక్కిరింపు లేనిది కాఫీ కూడా దిగదు మరి. తనూ ఆయన మీద ఒక చిలిపి పని చేద్దామని, కొత్త ఫారం తీసి, ఆయన పేర 'ఆసక్తి లేదు' అని టిక్కు పెట్టింది.

ఇప్పుడు చూస్తే పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆయన టిక్కు 'చాలా ఆసక్తి' అన్న గడికి అరంగుళం కింద ఉంది. అడుగున సలహాలు రాసే చోట అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, గీతలు దాటి, అంచు దాకా దొర్లిపోయాయి. అప్పుడు చదవలేదు. ఇప్పుడు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కూడబలుక్కుంది.

'అన్నీ ఒకే పెట్టెలో ఉండి పేరు వినపడితే ఎవర్నీ అడక్కుండా చూసుకోగలను. త్వరగా వస్తే మంచిది.'

హాల్లో రెండింటి సినిమా మొదలైంది. ఇరవై నాలుగో రోజు. మొదటి పెళ్ళికొడుకు గుర్రం దిగుతున్నాడు. కోడలు ఆ కాగితం పట్టుకుని నేల మీద కూర్చుంది. ఇంట్లో ఏది విరిగినా అతికించే మార్గం ఏదో ఒకటి తోచే మనిషికి ఆ మధ్యాహ్నం ఏమీ తోచలేదు. పాత సామాన్లవాడు ఏ ఊళ్ళో ఉన్నాడో, డబ్బాలు ఏ గుట్టలో కలిసిపోయాయో. ఆ కళ్ళు ఏడాదిన్నర వెనక్కి వెళ్ళవు. ఫారాలు అంకెలైపోయాయి, అంకెలు పుస్తకమైపోయాయి.

ఐదున్నరకి ఆ పుస్తకమే గుమ్మంలోకి వచ్చింది, శాతం చంకలో.

"తొంభై నాలుగు," అన్నాడు, బూట్లు విప్పకుండానే. "తొంభై నాలుగు శాతం మందికి అక్కర్లేదు. బైండింగు చూడు, నీలం అట్ట. రెండువందల కాపీలు పొద్దున్నే విచారణ సంఘానికి వెళ్ళిపోయాయి. ఎల్లుండి విచారణ. మా డైరెక్టరుగారు ఏమన్నారో తెలుసా?"

"డాక్టరేమందో అడగరా?"

అతను ఆగాడు. ఆవిడ చెప్పింది. కాగితం మీద సున్నా, నడుమ నలుపు, లైటు వెయ్యని పట్టిక, అన్నీ. శాతం కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చున్నాడు. హాలు అవతలి కొస కుర్చీలో తండ్రి సినిమా అయిపోయిన తెర పక్కన గోడకేసి చూస్తున్నారు.

"ఎంత శాతం పోయింది?" అన్నాడు చివరికి.  ఇంకోరకంగా అడగడం ఆ మనిషికి రాదు. అది తెలిసే కోడలు నొచ్చుకోలేదు.

ఫారం తీసి అతని ముందు పెట్టింది. అతను చదివాడు. వెనక్కి తిప్పి బజారు జాబితా చదివాడు. మళ్ళీ ముందుకి తిప్పాడు.

"ఇది నాన్నదా? నా లెక్కలో నాన్నది 'ఆసక్తి లేదు' అనే ఉంది."

"అది నేను రాసింది."

"సరే. ఒక్క ఫారం. ఆరువందల్లో ఒకటి. పాయింటు పదహారు శాతం. దీనివల్ల ఏదీ మారదు," అని నీలం అట్ట మీద చెయ్యి వేశాడు, అది ఎక్కడికో లేచిపోతున్నట్టు. "మిగతావన్నీ చూసే రాశావు గదా?"

కోడలు క్లిప్పు మొత్తం బల్ల మీద పెట్టింది. "మిగతావి చాలావరకు ఖాళీగా ఉన్నాయండీ. అన్నిటికీ అదే పెట్టాను. రెండువందల పన్నెండింటికీ."

"నేను సరిచెయ్యమన్నాను. మార్చమనలేదు."

"ఖాళీని సరిచెయ్యడానికీ మార్చడానికీ ఎంత శాతం తేడా ఉంటుందండీ?"

 శాతం చేతివేళ్ళు బల్ల మీద లెక్క వేస్తున్నాయి. ఆరువందల్లోంచి రెండువందల పన్నెండు తీస్తే ఏం మిగులుతుందో కోడలు మధ్యాహ్నమే నేల మీద కూర్చుని వేసుకుంది. మూడో వంతు పైన గాల్లోకి పోతుంది. ఆ మూడో వంతు మనుషులు ఏమనుకుంటున్నారో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. వాళ్ళని అర్థమయ్యేలా ఎవరూ అడగలేదు గనక.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు గొంతు తగ్గించి. "వెళ్ళిపోయింది. ముద్రపడి వెళ్ళిపోయింది. నాన్నకి నేనే ఏదో ఒకటి చేసిపెడతాను. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి ఏ సినిమా కావాలో అడుగుతాను."

"ఫోన్లోంచి డిస్కు తీసి పెడతావురా?" అన్నారు మామగారు కుర్చీలోంచి.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కళ్ళ సంగతి ఎలా ఉన్నా చెవులు వందకి వంద.

"నాన్నా, నువ్వొక విషయం అర్థం చేసుకోవాలి," అన్నాడు శాతం. ఆఫీసులో మాట్లాడే గొంతు దానంతటదే వచ్చేసింది. "మేం అడిగింది సామాన్య వినియోగదారుల గురించి. నీది ప్రత్యేకమైన పరిస్థితి. నీలాంటివాళ్ళు రెండు శాతం ఉంటారేమో."

"నువ్వు పుట్టినప్పుడు ఈ ఇంట్లో మూడో వంతు నువ్వే," అన్నారాయన. "పాలడబ్బా ఖర్చు చూసుకుని, వీడు ప్రత్యేకమైన పరిస్థితి అనుకోలేదు నేను."

శాతం తల దించుకున్నాడు.  మామగారికి కోపమైనా వస్తే బాగుండునని కోడలికి అనిపించింది. ఆయన మొహంలో కోపం లేదు. డాక్టరు వరండాలో నంబరు కోసం కూర్చున్నప్పటి మొహమే ఉంది. తన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా ఏమవుతుందో తెలియదు.  

బల్ల మీద ఫోన్ మోగింది. డైరెక్టరుగారు. శాతానికి ఆయన చెప్పే అంకెలు రాసుకోవడానికి రెండు చేతులూ కావాలి గనక, ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే పెడతాడు. అలవాటు చొప్పున పెట్టేశాడు.

"ఏమయ్యా, ఇంట్లోనేనా? చిన్న చిక్కొచ్చింది. ఆ పెట్టె కంపెనీ తరఫు వకీలు అడ్డం తిరిగాడు. పుస్తకంతో పాటు మనం పంపిన ఫారాల్లో రెండువందలకి దస్తూరీ ఒకటేలా ఉంది, అసలు ఫారాలు చూడాలంటున్నాడు. రేపు పదింటికల్లా సంఘం ముందు పెట్టాలి. మన దగ్గర అసలువి ఉన్నాయిగా?"

శాతం క్లిప్పు వైపు చూశాడు. తొంభై చిల్లర కాగితాలు, సబ్బులు, బల్బులు, అగ్గిపెట్టెలు, ఇస్త్రీ బట్టల లెక్కలు. మిగతావి, వందకి పైమాటే, ఈ నాలుగు నెలల్లో చెత్తలో కలిసిపోయాయి.  ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో దొంగ అంకె వెయ్యని మనిషి. కోడలికి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు.

"ఉన్నాయి సార్," అన్నాడు. "భద్రంగా ఉన్నాయి."

"అవన్నీ జనం స్వయంగా నింపినవేగా?"

"జనమే సార్."

"హమ్మయ్య. అయితే భయం లేదు. ఎల్లుండితో ఆ పెట్టె కథ ముగిసిపోతుంది."

కోడలు తలెత్తింది. హాలు అవతల మామగారు కుర్చీలో పక్కకి జరిగి, తనకి వీపు పెట్టినంత పని చేసి, గోడకేసి మొహం తిప్పుకున్నారు. నిన్నటిదాకా అయితే అలిగారనుకునేది. ఇవాళ తెలుసు. ఆయన అలా తిరిగారంటే తననే చూస్తున్నారు.

శాతం ఫోన్ కట్టెయ్యబోయాడు. ఆవిడ అతని చెయ్యి పక్కకి జరిపి, ఫోన్ని తన ముందుకి లాక్కుంది.

"సార్, నేను వీరి భార్యనండి," అంది. గొంతు తనది కాదేమో అన్నంత మామూలుగా వచ్చింది. "ఆ అసలు ఫారాలు మా వంటింట్లో ఉన్నాయండి. అన్నీ లేవు, సగం కంటే తక్కువే ఉన్నాయి. అక్కర్లేదని రాసింది జనం కాదండి. ఒకాయనైతే తనకి ఆ పెట్టె కావాలనే రాశారు, నేనే చదవలేదు. రెండువందల పన్నెండూ నా చేత్తో నేను పెట్టిన టిక్కులండి. నాదే తప్పు."